పాత బియ్యం, పాత రేకు

కొత్త కారు ఎక్కడ కనిపించినా దాని తలుపు మీద బొటనవేలితో గట్టిగా నొక్కి చూసే అలవాటు నాకింకా పోలేదు. మొన్న మా వీధిలో ఒకాయన కారు కొని తెచ్చి, చక్రాల కింద నిమ్మకాయలు పెడుతుంటే నేను వెళ్ళి తలుపు నొక్కాను. ఆయన ముఖం మాడిపోయింది. "సొట్ట పడుతుందండీ" అన్నాడు. "పడకూడదనే కదండీ మేం అన్నేళ్ళు అవస్థపడ్డాం" అన్నాను. ఆయనకి నేనేదో తేడా మనిషిలా కనిపించి ఉంటాను. మీరైనా వినండి. ఉద్యోగాల్లో కొత్తగా చేరినవాళ్ళు, ఆ ఫోన్లు కాసేపు బోర్లా పెట్టండి.

నేను పనిచేసింది రాజమండ్రి ఊరి చివర ఒక టెస్టింగ్ ల్యాబులో. లారీ రిపేరు షెడ్ల వరుసలో ఆఖరిది మాది. బోర్డు మీద ఇంగ్లీషులో ఏదో పెద్ద పేరుండేది గానీ, ఆటోవాళ్ళకి మాత్రం అది 'ఇనుము లాగే చోటు'. అంతకంటే బాగా నేనూ చెప్పలేను. అపార్టుమెంట్లు కట్టేవాళ్ళు ఊచలు తెచ్చేవారు. మేం వాటిని మిషనులో రెండు చివరలా బిగించి తెగేదాకా లాగేవాళ్ళం. ఎంత బలం దగ్గర సాగడం మొదలైంది, ఎంత దగ్గర తెగింది, రాసి ఇచ్చేవాళ్ళం. "పాసేనాండీ?" అని అడిగేవారు, కొడుకు టెన్తు రిజల్టు అడిగినట్టు.

ల్యాబు పెట్టింది మాస్టారు. కోనసీమ మనిషి, పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి చెప్పి రిటైరై, ఊరికే కూర్చోలేక దీన్ని మొదలుపెట్టారు. ఆయనకి కోపం వస్తే గొంతు పెరిగేది కాదు, మర్యాద పెరిగేది. మామూలుగా నన్ను 'నువ్వు' అనేవారు. కోపం వస్తే 'మీరు'. బాగా వస్తే 'తమరు'. 'తమరు' దాకా వెళ్ళిన రోజు నాకు అన్నం సహించేది కాదు.

మిషను మీద ఉండేది బాబాయి. నాకేమీ చుట్టం కాదు, చేరిన మొదటిరోజు 'బాబాయ్' అన్నాను, అదే ఖాయమైపోయింది. అంతర్వేది వైపు సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబం వాళ్ళది. "మా నాన్న వల లాగాడు, నేను ఇనుం లాగుతున్నాను. లాగడం మాత్రం తప్పలేదు" అనేవాడు. ఆదివారం కూడా వచ్చి మిషనుకి నూనె రాసి వెళ్ళేవాడు. ఇంట్లో ఉంటే ఏం చెయ్యాలో ఆ మనిషికి తెలియదు.

ఆ మిషను మా ముగ్గురికంటే ముసలిది. ముందు గోడ గడియారమంత డయలు, దాని మీద ఒక ముల్లు. ముల్లు ఏ గీత దగ్గరుందో చూసి అంకె పలకడం బాబాయి పని. పక్కన స్టూలు మీద కూర్చుని రాసుకుని లెక్క కట్టడం నా పని. ఇప్పుడు మీ మిషన్లలో అంకె దానంతట అదే తెర మీద పడుతుంది, మీకు మనిషితో పని లేదు. అదృష్టవంతులో కాదో మీరే తేల్చుకోండి.

ఇలా ఊచలతో కాలక్షేపం చేస్తుండగా తుని దగ్గర హైవే మీదున్న ఒక ఫ్యాక్టరీ నుంచి మాకు కొత్త పని వచ్చింది. వాళ్ళు కార్ల తలుపులకీ డిక్కీలకీ పైరేకులు ప్రెస్సులో కొట్టి పంపేవాళ్ళు. ఆ రేకు ఒక రకమైన తమాషా రేకు. పచ్చికుండ మెత్తగా ఉన్నప్పుడే సారె మీద ఆకారం వస్తుంది, ఆవంలో కాలాక గట్టిపడుతుంది కదా, ఇదీ అంతే. ప్రెస్సు కింద మెత్తగా వంగి చెప్పినట్టు వింటుంది. తరవాత కారుకి రంగు వేసి, ఆ రంగు ఆరడానికి పెద్ద ఓవెన్లో పెడతారు. ఆ వేడికే రేకు కూడా గట్టిపడిపోతుంది. రంగుకని వెలిగించిన పొయ్యి మీదే రేకు పనీ అయిపోతుందన్నమాట. దీన్ని కనిపెట్టిన వాడెవడో గ్యాసు బండ ఖరీదు తెలిసిన మనిషే అయి ఉండాలి.

ఎంత గట్టిపడుతుందో కొలవడం మా పని. రేకులోంచి నడుమ సన్నగా కోసి ఫ్యాక్టరీవాళ్ళు పంపే పట్టీని రెండు శాతం సాగేదాకా లాగి ఆపుతాం. అది ప్రెస్సు దెబ్బకి బదులు. ఆ పట్టీని నూటడెబ్భై డిగ్రీల ఓవెన్లో ఇరవై నిమిషాలు ఉంచుతాం. అది రంగు షెడ్డుకి బదులు. చల్లారాక మళ్ళీ లాగుతాం. ముందు ఆపిన చోటికంటే ఇప్పుడు ఎంత ఎక్కువ బలం పెడితే కదిలిందో, ఆ తేడాయే కావలసింది. దానికి ఇంగ్లీషులో నోరు తిరగని పేరొకటుంది. మేం మాత్రం 'పెరుగు' అనేవాళ్ళం. పెరిగింది కాబట్టి పెరుగు. ఒకసారి ఫోను మోగితే తునివాళ్ళనుకుని, "పెరుగు ఈసారి బాగా తక్కువుందండీ" అని గడగడా చెప్పేశాను. అవతల ఉన్నది మాస్టారి భార్య. మధ్యాహ్నానికి గిన్నెడు గడ్డపెరుగు పంపించారావిడ. అదే మాట మీద తరవాత ఎంత కథ నడుస్తుందో అప్పుడు తెలియదు, హాయిగా తిన్నాం.

ఏడాదిపైన పని సాఫీగా సాగింది. తరవాత ఒక వేసవిలో, రోహిణీ కార్తె ఎండల్లో, పెరుగు నిజంగానే పడిపోయింది. వచ్చిన పట్టీ వచ్చినట్టే సగం కూడా చూపించడంలేదు. అదే సమయంలో తునిలో కొట్టిన తలుపులు కార్ల కంపెనీ నుంచి తిరిగొచ్చేశాయి. పైరేకు మీద సన్నటి గీతలు, అల వెనక్కి పోయాక ఇసకలో మిగిలే చారల్లా. రంగు వేసినా కనిపిస్తున్నాయట. ఫ్యాక్టరీ వాళ్ళు రేకు పంపిన మిల్లు మీద పడ్డారు. మిల్లు వాళ్ళు, మా దగ్గర బయల్దేరినప్పుడు సరుకు బంగారం, కొలిచిన ల్యాబుని అడగండి అన్నారు. మిల్లు ఇంజనీరు మాకు ఫోను చేసి అన్నీ మర్యాదగానే అడిగి, చివర్లో ఒక్క మాటన్నాడు. "మీ ఆపరేటరు గారి వయసెంతండీ?"

ఆ సాయంత్రం మాస్టారు నన్ను గదిలోకి పిలిచారు.

"మీరు రోజూ ఆయన పక్కనే కూర్చుంటారు కదండీ. బాబాయి గారి చూపు ఎలా ఉందంటారు?"

'మీరు' వినగానే నేను సర్దుకుని నిలబడ్డాను. "బాగానే ఉందండీ" అన్నాను. నిజానికి ఆ మధ్య గుమ్మంలో నన్ను చూసి మాస్టారనుకుని బాబాయి లేచి నిలబడ్డాడు. వేళాకోళం అనుకుని నవ్వేశాను. ఆ సంగతి మాస్టారికి చెప్పబుద్ధి కాలేదు.

"మిల్లు ఇంజనీరు వస్తున్నాడు. ఆయన ముందే మళ్ళీ లాగి చూపించాలి. రీడింగు తప్పని తేలితే బాబాయి గారిని ఇంటికి పంపక తప్పదు. ఇష్టమై కాదండీ. మన కాగితం నమ్మకపోతే మన దగ్గరికి ఊచముక్క కూడా ఎవరూ తీసుకురారు." అని, "పట్టీలు ఈసారి వాళ్ళు పంపినవి వద్దు. మీరే వెళ్ళి రేకు కోయించుకు రండి" అన్నారు.

మర్నాడు పొద్దున్నే రైలెక్కి తుని వెళ్ళాను. ఎండ అప్పటికే చెంప మీద కొట్టినట్టుంది. ఫ్యాక్టరీ గోడౌను చూసే పెద్దమనిషి ఎదురొచ్చాడు. అంతకుముందు పెద్దాపురం దగ్గర రైసుమిల్లులో చాలా ఏళ్ళు గుమాస్తాగా చేశాడు, ఇక్కడ కూడా అందరూ గుమాస్తా గారనే పిలిచేవారు. తెల్లచొక్కా, నుదుట విభూది, గొప్ప శుభ్రం. ఆ గోడౌన్లో నేల మీద ఒక చీపురుపుల్ల కూడా కనిపించదు.

"ఆయ్, రండి మేడం గారూ. ఎండన పడి వచ్చారు, ముందు మజ్జిగ పుచ్చుకోండి."

"మజ్జిగ తరవాతండీ, ముందు రేకులు చూపించండి" అని, నేను గుమ్మం దగ్గరున్న దొంతర వైపు నడిచాను. ఆయన చటుక్కున అడ్డం వచ్చాడు.

"అయ్యి కాదండి. మొన్న దిగిన సరుకండి అది, ఇంకా పచ్చి. మీకిచ్చేది లోపలుంటాదండి."

లోపలికి తీసుకెళ్ళాడు. గోడౌను వెనక భాగం, పైన రేకుల కప్పు, గాలి రాదు. నిలబడితేనే ఊపిరాడటం లేదు. మూలన ఒక దొంతర మీద ఉతికిన గోనెపట్టా నీటుగా కప్పి ఉంది. అది తీసి, కొత్తకోడలిని చూపించినట్టు చూపించాడాయన. చెయ్యి పెడితే చురుక్కుమంది.

"ఇవెప్పటివండీ?"

"పోయినేడు వేసంగికి ముందు దిగినయ్యండి. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఈ మధ్యే బయటికి తీత్తన్నాం. మీ పరీక్షకీ, ఆ పైతలుపులకీ ఇయ్యేనండి. లోపల ఎవరికీ కనపడని ముక్కలుంటాయి చూడండి, వాటికి కొత్తయ్యి ఇచ్చేత్తాం."

"పాతవెందుకు దాచారండీ?"

ఆయన నన్ను చూసి జాలిపడ్డాడు. అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే జాలిపడ్డాడు.

"అదేంటి మేడం గారూ, మీరు అన్నం తినరేంటి? కొత్త బియ్యం ఒండితే ముద్దయిపోద్దండి. అయ్యే బియ్యం ఏడాది మాగాక ఒండండి, గింజకి గింజ అంటుకోదు, గిన్నె నిండా ఒదుగుతాది. ఈ రేకు పొయ్యిలో పెడితే పెరుగొత్తాదని మీ ల్యాబోళ్ళే అన్నారంట. ఒదుగన్నా పెరుగన్నా ఒకటే కదండీ. మరి పాత రేక్కే ఎక్కువ రావాలి కదా? పరీక్షకని వచ్చినోళ్ళకి కొత్త సరుకు పెడతామాండీ? మర్యాదేనా?"

నాకు నవ్వూ ఏడుపూ రెండూ ఒకేసారి వచ్చాయి. ఈ వేసవంతా మాకు చెడ్డ సరుకు వస్తోందని మేం తిట్టుకుంటుంటే, ఈయన మమ్మల్ని పెళ్ళివారిలా చూసుకుంటున్నాడు.

ఆ రేకులో గట్టిపడే గుణం వేడి కోసం కాచుకుని ఉంటుంది. ఓవెన్లో పెడితే నిమిషాల్లో పని అవుతుంది. రేకుల కప్పు కింద ఎండాకాలమంతా పడేస్తే అదే పని నెమ్మదిగా అయిపోతుంది. రంగు షెడ్డులో రావలసిన పెరుగు గోడౌన్లోనే ఖర్చయిపోయింది. పైగా ముందే బిగుసుకుపోయింది కాబట్టి ప్రెస్సు కింద సాఫీగా వంగక గీతలు పడుతోంది. ఇదంతా వీలైనంత మెత్తగా చెప్పి, "పాతవి ముందు వాడెయ్యాలండీ" అన్నాను. "ముందే వాడుతున్నామండీ, ముఖ్యమైన వాటికి" అన్నాడాయన. ఇంక నేను మజ్జిగ తాగేశాను.

ముందు దొంతరలోంచి ఒక రేకు, వెనక దొంతరలోంచి ఒక రేకు కోయించుకుని వచ్చాను. కారణం దొరికింది గానీ బాబాయి గండం గట్టెక్కలేదు. ఇంజనీరు వచ్చేది రేకుని చూడ్డానికి కాదు, ముల్లు చదివే మనిషిని చూడ్డానికి. సంగతంతా చెప్పి, "బాబాయ్, రేపు రీడింగు నేను చెబుతాను, మీరు లివరు చూసుకోండి" అన్నాను.

"ఏం, నేనేవైనా సచ్చిపోయానా?" అన్నాడు. అంత కటువుగా ఎప్పుడూ మాట్లాడలేదు నాతో. "డయలు దగ్గర నేనే ఉంటాను. నువ్వు నీ స్టూలు మీద కూకో."

ఇంజనీరు చెప్పిన వేళకే వచ్చాడు. చిన్నవాడు, ముప్ఫై దాటి ఉండవు, చొక్కా చేతులు మడిచి తిన్నగా డయలు దగ్గరికి వెళ్ళాడు. ముక్కు గాజుకి తగులుతుందేమో అన్నంత దగ్గరగా నిలబడ్డాడు. మాస్టారు గోడకి ఆనుకుని నిలుచున్నారు. బాబాయి మొహం కడుక్కుని, తల దువ్వుకుని, పండగనాటి చొక్కా వేసుకొచ్చాడు. ఆ చొక్కా చూసి నాకు ఇంకా భయమేసింది.

మొదట కొత్త రేకు పట్టీ. ముల్లు కదిలింది. ఇంజనీరు పెదవులు కదుపుతూ అంకెలు లెక్కపెట్టుకుంటున్నాడు. బాబాయి ఖంగుమనే గొంతుతో ఒక్కో అంకె పలికాడు. నేను తొంగి చూస్తూనే ఉన్నాను, ఒక్క గీత తేడా లేదు. పట్టీ రెండు శాతం సాగిందని నేను అనగానే ఆపాడు. తరవాత పాత రేకు పట్టీ. మొదట్లోనే ముల్లు ఒక్కసారి పైకెగిరి, వెనక్కి తగ్గి, తటపటాయించి మళ్ళీ సాగింది. ముందే బిగుసుకున్న రేకు చేసే పని అది. ఇంజనీరు నోట్లోంచి "అరె" అని వచ్చింది. రెండు పట్టీలూ ఓవెన్లోకి వెళ్ళాయి. కాఫీలు తెప్పించారు మాస్టారు, నలుగురిలో ఒక్కరూ ముట్టలేదు.

చల్లారాక మళ్ళీ లాగాం. కొత్త రేకుకి పెరుగు మిల్లు చెప్పినంతా వచ్చింది. పాతదానికి మేం అంతకుముందు రాసిచ్చినట్టే అరకొరగా వచ్చింది. ఇంజనీరు తను రాసుకున్న అంకెలూ నేను రాసినవీ పక్కపక్కన పెట్టి చూసుకుని, బాబాయి దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "సారీ సార్. ఒక్క గీత కూడా తేడా లేదు. నేనే తప్పుగా అనుకున్నాను" అన్నాడు. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

తునిలో గుమాస్తా గారి ఉద్యోగమూ పోలేదు, చెప్పాలి కదా. యజమాని ప్రతి దొంతర మీదా దిగిన తేదీ పెద్దక్షరాలతో రాయించాడు, అంతే. తరవాతెప్పుడో కలిసినప్పుడు గుమాస్తా గారు నాతో, "ఇనుముకి బుద్ధి లేదండీ, మాగే గుణం లేదు దానికి" అన్నాడు. తప్పు ఇనుముదేనని ఆయన గట్టి నమ్మకం.

ఇంజనీరు వెళ్ళిపోయిన ఆ సాయంత్రం ల్యాబు పక్క టీకొట్టు దగ్గర బల్ల మీద కూర్చున్నాం, నేనూ బాబాయీ. నేను గెలిచినంత సంతోషంలో ఉన్నాను.

"ఆ కుర్రోడు మంచోడు అమ్మాయ్" అన్నాడు.

"మంచోడేంటి బాబాయ్, మిమ్మల్ని పట్టుకోడానికి వస్తేనూ."

"పట్టుకోడానికే వచ్చాడు. పక్కన నిలబడి అంకెలన్నీ గొణిగాడు. అయ్యే నేను గట్టిగా అన్నాను." గ్లాసు కింద పెట్టాడు. "నాకా ముల్లు కనపడి ఏడాదయింది."

 "మరి రోజూ?" అన్నాను.

"రోజూ నువ్వు లేవేంటి? నీకు ఓపికెక్కడిది. నేను నోరు తెరిచేలోపే నువ్వు సణుగుతావు, అదే నేను పలుకుతాను. మళ్ళీ నువ్వే రాసుకుంటావు."

నేను సణుగుతానా? ఇంటికెళ్ళి మా ఆయన్ని అడిగితే, పెళ్ళయిన మర్నాటి నుంచీ అన్నారు. అంటే ఏడాదిగా ఆ డయలు చదువుతున్నది నేనే, నాకే తెలియకుండా. రీడింగులు తప్పనందుకు ఊపిరి పీల్చుకోవాలో, ఈయన్ని నాలుగు తిట్టాలో తెలియలేదు. తిట్టాను.

"డాక్టరుకి చూపించుకోవచ్చు కదా! ఇంత మొండితనం ఏంటి బాబాయ్?"

"చూపించాను. శుక్లాలంట. ఆపరేషన్ చేత్తే పోద్దంట. సెలవెట్టానంటే ఆ కుర్చీలో ఇంకోడు కూకుంటాడు." రోడ్డు వైపు చూస్తూ అన్నాడు. "కంటిచూపు తగ్గినోడిని పడవెక్కించుకోరమ్మాయ్. మా నాన్నని అలాగే ఒడ్డున వదిలేశారు. పడవలు ఎళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ ఆయన ఇసకలో నిలబడుండేవాడు, ఊరికే. నేనలా నిలబడలేను."

నాకు ఏడుపొచ్చింది. అంతమందిలో, టీకొట్టు దగ్గర, సిగ్గులేకుండా ఏడ్చాను.

మర్నాడు పొద్దున్నే మాస్టారి గదిలోకి ఆయనే వెళ్ళి చెప్పేశాడు. నన్ను చెప్పనివ్వలేదు, తలుపు దగ్గర నిలబడమన్నాడు. మాస్టారు అంతా విని చాలాసేపు బల్ల మీదున్న పేపరువెయిటు తిప్పుతూ కూర్చున్నారు.

"తమరు ఈ సంగతి ఏడాది కిందటే సెలవిచ్చి ఉంటే బాగుండేదండీ" అన్నారు చివరికి. 'తమరు' వినగానే నేను తలుపు పట్టుకున్నాను. ఆయన ఇంకా అన్నారు: "ఆపరేషన్ చేయించుకుని రండి. అప్పటిదాకా ముల్లు నేను చదువుతాను. ఆ కుర్చీలో ఇంకెవరూ కూర్చోరు."

అన్నమాట ప్రకారం ఆయనే కూర్చున్నారు. ఒక్కో అంకె చదవడానికి మాస్టారికి పట్టినంత సేపు ఇంకెవరికీ పట్టగా నేను చూడలేదు. పొరపాటున నోరు కదిపితే, "తమరు ఆగండి" అనేవారు.

బాబాయి నల్లకళ్ళజోడు రోజులన్నీ అయిపోయాక తిరిగొచ్చాడు. కుర్చీలో కూర్చుని, డయలు గాజు తువ్వాలుతో తుడిచి, ముల్లుని చూసి పసివాడిలా నవ్వాడు. తరవాత నా వైపు తిరిగాడు. చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయాడు.

"అమ్మాయ్, నీ తల ఎప్పుడు తెల్లబడింది?"

అంతకు చాలా ముందే నేను జుట్టుకి రంగు వేసుకోవడం మానేశాను. ల్యాబుకొచ్చే ప్రతివాళ్ళూ ఏదో ఒక మాట అన్నారు, ఆయన తప్ప. మర్యాదస్తుడు, ఆడపిల్లని నొప్పించడం ఎందుకని ఊరుకున్నాడు అనుకుని మనసులో మెచ్చుకున్నాను కూడా.

"మీరు చూడనప్పుడు బాబాయ్" అన్నాను.

ఆయన మిషను ఆన్ చేసి, ముల్లు వైపు తిరిగి, "ఊఁ, రాసుకో" అన్నాడు. నేను నోరు గట్టిగా మూసుకుని, ఆయన చెప్పేదాకా ఆగి, రాసుకున్నాను.